చొక్కాకు పెట్టే బిళ్ల ఏం చెప్పాలి?

ఒకటో తరగతి పిల్ల పలక మీద అక్షరాలు చక్కగా దిద్ది చూపిస్తే టీచరు ఆమె మణికట్టు మీద ఎర్ర పెన్నుతో ఒక స్టార్ వేస్తుంది. మధ్యాహ్న భోజనానికి చేతులు కడుక్కునేటప్పుడు ఆ పిల్ల వేళ్లు మాత్రమే నల్లా కింద పెడుతుంది. మణికట్టు తడవనివ్వదు. సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు చూపించేదాకా ఆ సిరా చెదరకూడదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ప్రాథమిక పాఠశాలల్లో ఇది రోజూ కనబడేదే. పైసా ఖర్చు లేని ఈ గుర్తు కోసం పిల్లలు అంత జాగ్రత్త పడుతుంటే, దాన్నే ఇంకాస్త పద్ధతిగా చేసి బ్యాడ్జీలు ఇస్తే చదువు ఇంకా బాగా సాగుతుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. చాలా బడుల్లో ఇప్పటికే వచ్చింది. వారానికొక స్టార్ స్టూడెంట్, నెలనెలా నూరు శాతం హాజరు బ్యాడ్జీ, చేతిరాతకు ఒకటి, శుభ్రతకు ఒకటి. పిల్లలు చదువుకునే మొబైల్ యాప్‌లలోనైతే ప్రతి పాఠానికీ ఏదో ఒక పతకం మెరుస్తుంది.

వీటివల్ల పిల్లలు చదువుతారా అంటే, చదువుతారు, కొన్నాళ్లు. ఆ తర్వాత ఏమవుతుందన్నది ఆ బ్యాడ్జీ పిల్లవాడి గురించి ఏం చెబుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

బ్యాడ్జీకి తెలుగులో చాలాకాలంగా ఉన్న మాట బిళ్ల. పాత కచేరీల్లో బిళ్ల బంట్రోతులుండేవారు. మన దగ్గర ఇప్పటికీ వాడే చప్రాసీ అనే మాట చప్రాస్ నుంచి, అంటే ఒంటి మీద కట్టుకునే ఇత్తడి బిళ్ల నుంచి పుట్టింది. ఆ బిళ్ల చూస్తే మనిషి ఎవరి తాలూకో తెలుస్తుంది. అతనికి ఏ పని వచ్చో తెలియదు. బడిలో క్లాస్ లీడర్ బ్యాడ్జీ, రంగుల హౌస్ బ్యాడ్జీలు ఆ జాతివే, వాటితో పేచీ లేదు. చదువు కోసమని ఇచ్చే బిళ్లల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, నువ్వు మిగతావాళ్ల కన్నా ముందున్నావని చెప్పేది. రెండోది, నీకు ఫలానా పని వచ్చిందని చెప్పేది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అదే పిన్నీసుతో పెడతారు. పిల్లల మీద వాటి ప్రభావం మాత్రం చాలా వేరు.

మొదటి రకానికి రెండు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో మన దక్షిణాది వీధి బడికీ ఒక పాత్ర ఉంది. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి ముచ్చటపడ్డాడు. కాస్త వచ్చిన పిల్లలు రానివాళ్లకు నేర్పే పద్ధతిని తన ఆశ్రమంలో నడిపి, 1797లో లండన్‌లో దాని గురించి అచ్చు వేయించాడు. అదే రోజుల్లో లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ ఒక్క గురువుతో వందల మంది పిల్లల బడి నడిపాడు. అంతమందిని నడిపించడానికి ఆయన బిళ్లలు, టికెట్లు, బహుమతులు విపరీతంగా వాడాడు. వరసలో మొదటివాడికి బిళ్ల ఉండేది, వాణ్ని మించినవాడు రాగానే అది చేయి మారేది. ఒకడు పెట్టుకోవాలంటే ఇంకొకడు పోగొట్టుకోవాలి. పంద్రాగస్టు నాడు మైకులో పేరు పిలిచి ఫస్టు, సెకండు, థర్డు వచ్చినవాళ్లకు స్టీలు గ్లాసో, పరీక్ష ప్యాడో ఇచ్చే మన ఆనవాయితీ ఆ వంశంలోదే. ఏటా అవే మూడు పేర్లు వినబడతాయి. నలభై మంది తరగతిలో మిగతా ముప్పై ఏడు మంది చప్పట్లు కొట్టడం నేర్చుకుంటారు.

రెండో రకానికి మంచి ఉదాహరణ స్కౌట్ల బ్యాడ్జీలు. 1907లో బ్రిటన్‌లో బేడెన్ పావెల్ పెట్టిన తొలి శిబిరం నుంచి పెరిగిన ఉద్యమం అది. మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా 1950 నుంచి నడుస్తోంది. ముడులు వేయడం, ప్రథమ చికిత్స చేయడం లాంటి ఒక్కో పనికి ఒక్కో బ్యాడ్జీ. ఏం చేసి చూపించాలో ముందే రాసి ఉంటుంది. దళంలో ఉన్న పిల్లలందరూ సంపాదించినా ఇబ్బంది లేదు. ఈసారి రాకపోతే ఇంకో నెల ప్రయత్నించవచ్చు. పక్కవాడికి వచ్చినంత మాత్రాన నీది పోదు.

మరి బిళ్లల ఆశ పిల్లల్లో ఉన్న ఇష్టాన్ని ఏం చేస్తుంది? దీని మీద 1973లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి ఉపాధ్యాయులందరూ తెలుసుకోవాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడం అంటే అప్పటికే ఇష్టమున్న 51 మంది చిన్నపిల్లలను తీసుకున్నారు. కొందరికి ముందే చెప్పారు: బొమ్మ గీస్తే బంగారు ముద్ర, ఎర్ర రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని. కొందరికి చెప్పకుండా, గీశాక అదే పత్రం ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే రంగు పెన్నులు తరగతిలో ఊరికే పెట్టి చూశారు. పత్రం కోసం గీసిన పిల్లలు, మిగతా రెండు గుంపుల పిల్లలతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలతో గడిపారు. చెప్పకుండా ఇచ్చిన పత్రం ఏ హానీ చేయలేదు. ముందే బేరం పెట్టుకున్నచోట మాత్రం ఆట కాస్తా కూలి పని అయిపోయింది.

సంక్రాంతి ముందు పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గు వేసే పిల్లను ఒకసారి ఊహించుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. చుక్కలు పెట్టుకుంటూ, కలుపుకుంటూ, తప్పితే చెరిపి మళ్లీ వేస్తుంది. ముగ్గుకింత అని ఎవరైనా ఇవ్వడం మొదలుపెట్టి నెల తర్వాత ఆపేస్తే, ఆ పిల్ల పండుగకైనా ముగ్గు వేస్తుందా అన్నది అనుమానమే.

అలాగని బిళ్లలన్నీ చెడ్డవని తేల్చేయడం కూడా సరికాదు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ రయాన్ 1999లో ఇలాంటి 128 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఇష్టమైన పనికి ముందే ఆశ చూపి వస్తువులు ఇస్తే ఇష్టం తగ్గుతోందని, అదే మెచ్చుకోలు మాటతో పెరుగుతోందని తేలింది. మొదటే విసుగనిపించే పనుల్లో బహుమానం వల్ల అలాంటి నష్టం కనబడలేదు. పదమూడో ఎక్కం మీద ఎవరికీ పుట్టుకతో ప్రేమ ఉండదు. దానికి చిన్న ఆశ చూపిస్తే పోయేదేమీ లేదు. కథల పుస్తకం, బొమ్మలు, పాట, పెరట్లో మొక్కల పని, ఇవి పిల్లలు తమంతట తాము చేసేవి. వీటి జోలికి బిళ్లను రానివ్వకపోవడమే మంచిది.

ఇక హాజరు బ్యాడ్జీ. అన్నిటికన్నా తేలికగా ఇవ్వగలిగేది ఇదే. రిజిస్టరు చూస్తే చాలు, పరీక్ష పెట్టక్కర్లేదు. దక్షిణ తెలంగాణలో అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం చేసేదీ ఇదే.

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డను తీసుకుందాం. గద్వాల, అయిజ, గట్టు చుట్టుపక్కల సీడ్ పత్తి పండుతుంది. అది మామూలు పత్తి కాదు. ఆడ మొక్క మొగ్గలోంచి మగ కేసరాలను సాయంత్రం పూట ఒక్కొక్కటిగా గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఆ మొగ్గకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ప్రతి మొగ్గకూ చేతితోనే చేయాలి, రోజూ చేయాలి. ఒక్క రోజు ఆగితే ఆ రోజు మొగ్గలు పోయినట్లే. చిన్న వేళ్లు, మొక్కంత ఎత్తు ఉన్న పిల్లలు ఈ పనికి సరిపోతారని ఏళ్ల తరబడి వాళ్లను దించుతూ వచ్చారు. చట్టం ఒప్పుకోకపోయినా, అధికారులు తిరిగినా, ఇంటి చేలో సాయం పేరుతో ఇది పూర్తిగా ఆగలేదు. ఆగస్టు నుంచి దసరా దాకా అక్కడి హాజరు పట్టీలో ఒకే పేరు ముందు వరసగా పడే గైర్హాజరు గీతలకు పిల్లవాడి బద్ధకంతో సంబంధం లేదు. అవి మొగ్గల లెక్క.

ఆ తరగతిలో నెలాఖరున నూరు శాతం హాజరు బ్యాడ్జీ ఇస్తే అది ఎవరికి దక్కుతుంది? ఊళ్లో కిరాణా కొట్టు ఉన్నవాళ్ల పిల్లకు, జీతం వచ్చే ఇంటి పిల్లవాడికి. వాళ్ల తప్పేం లేదు, రోజూ రావడం మంచిదే. కానీ ఆ బిళ్ల నిజంగా మెచ్చుకుంటున్నది వాళ్ల ఇంటి స్థితిని. చేను నుంచి ఒక పూట తప్పించుకుని, పుప్పొడి అంటిన వేళ్లతో పదకొండింటికి బడికి వచ్చిన పిల్లకు ఆ రోజు హాజరు కూడా పడదు. రావడానికి ఆ తరగతిలో అందరికన్నా ఎక్కువ కష్టపడింది ఆమే.

న్యాయం సంగతి అలా ఉంచి, హాజరు బిళ్ల అసలు హాజరునైనా పెంచుతుందా? కాలిఫోర్నియాలో 6 నుంచి 12 తరగతుల వరకు 15,000 మందికి పైగా విద్యార్థులతో చేసిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. రాబోయే నెలంతా వస్తే అవార్డు ఇస్తామని కొందరికి ముందే ఉత్తరం రాశారు. దాంతో హాజరులో తేడా రాలేదు. ఇంకొందరికి, గతంలో ఒక నెలంతా వచ్చినందుకు అవార్డు పంపారు. వాళ్ల గైర్హాజరు ఆ తర్వాతి నెలలో 8 శాతం పెరిగింది. మిగతావాళ్ల కన్నా నువ్వు ఎక్కువగా వస్తున్నావని ఆ కాగితం చెప్పేసరికి, ఇక కాస్త తగ్గినా ఫరవాలేదని పిల్లలు అర్థం చేసుకుని ఉంటారని పరిశోధకుల వివరణ. హాజరుకు ఇక్కడ ఏదైనా చేయాలంటే ఆ గీతలు మొదలైన మొదటి వారంలోనే టీచరు ఇంటికి వెళ్లి మాట్లాడటం, తప్పిన పాఠం మళ్లీ చెప్పడం చేయాలి. పిన్నీసుతో అయ్యే పని కాదు.

దేనికి బిళ్ల ఇవ్వాలన్న ప్రశ్నకు రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త అమెరికా నగరాల్లో చేసిన ప్రయోగాల్లో కొంత జవాబు దొరుకుతుంది. ఆయన బిళ్లలు కాదు, ఏకంగా డబ్బే ఇచ్చాడు. ఫలితాలు 2011లో వెలువడ్డాయి. న్యూయార్క్‌లో పరీక్షలో వచ్చిన మార్కులకు డబ్బిస్తే చదువులో మార్పేమీ కనబడలేదు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు పుస్తకం చదివి, దాని మీద చిన్న క్విజ్ పూర్తి చేస్తే పుస్తకానికి 2 డాలర్లు ఇచ్చారు. వాళ్లలో చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగింది. మార్కులు ఎలా పెంచుకుంటారని అడిగితే, న్యూయార్క్ పిల్లలు పరీక్ష రాసే చిట్కాలు చెప్పారే తప్ప పాఠం చదవాలని గానీ, టీచరును అడగాలని గానీ చెప్పలేకపోయారు. మార్కు పిల్లల చేతిలో ఉన్నది కాదు, పుస్తకం చేతిలో ఉన్నది. మన దగ్గర పదో తరగతి ఫలితాలు రాగానే ఊరి కూడళ్లలో లేచే ఫ్లెక్సీలు పెద్ద సైజు బిళ్లలే. మొన్నటిదాకా పదికి పది జీపీఏ అని రాసేవారు. 2024-25 నుంచి మళ్లీ మార్కులు వచ్చాయి కనుక ఇక అంకెలు రాస్తారు. గోడ మీద ఆ ఫొటో చూసిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి టెన్షన్ పెరుగుతుంది. రేపు పొద్దున ఏ పని మొదలుపెట్టాలో మాత్రం తెలియదు.

అయితే బిళ్లకు ఈ ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించినట్లు లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, తెలంగాణ జిల్లాల్లో అదే అట్టడుగు. మహిళల్లోనైతే సగం మంది కూడా అక్షరాస్యులు కారు. ఆ లెక్కల్లో పడ్డ అమ్మాయిలెందరో ఇప్పుడు బడి పిల్లల తల్లులు. ప్రోగ్రెస్ కార్డు మీద బి2 అని ఉంటే ఆ తల్లికి అదేమిటో తెలియదు. సంతకం చోట వేలిముద్ర వేసి పంపుతుంది. చదువు లోపల ఏం జరుగుతుందో ఆమెకు చూపించే కిటికీ లేదు.

ఇప్పుడు దేవరకొండ వైపు ఒక బడిలో మూడో తరగతి పిల్లకు బస్సు బొమ్మ ఉన్న బిళ్ల ఇచ్చారనుకుందాం. బస్సు బోర్డులు తడుముకోకుండా చదివితేనే ఆ బిళ్ల. ఆదివారం తల్లితో కలిసి బస్టాండుకు పోయింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కనుక తల్లుల ప్రయాణాలు పెరిగాయి. ఒక బస్సు వచ్చి ఆగింది. “ఇది ఏడికి పోతది బిడ్డా?” అని తల్లి అడుగుతుంది. పిల్ల చొక్కా మీది బిళ్లను ఒకసారి తడుముకుని, “నల్లగొండ పోతదమ్మా, మల్లేపల్లి మీంగ” అని చదువుతుంది. తల్లి కండక్టరును అడిగి చూసుకుంటుంది. నిజమే. అక్షరం రాని ఆ తల్లి తన బిడ్డ చదువును తానే పరీక్షించి, తానే పాస్ చేసింది. ఏ గ్రేడూ ఈ పని చేయలేదు.

చదువు బిళ్లలను ఈ కొలతతో తయారు చేయాలి. పిల్లకు వచ్చింది ఏమిటో చదువు రాని ఇంట్లో కూడా తెలియాలి, అక్కడికక్కడ చేసి చూపించగలగాలి. కిరాణా చీటీ కూడి మొత్తం చెప్పడం, గోడ గడియారం చూసి టైం చెప్పడం, మందు డబ్బా మీద గడువు తేదీ వెతకడం, చేను పొడవు వెడల్పు కొలిచి విస్తీర్ణం కట్టడం, ఇంటిపెద్ద పేరు మీద దరఖాస్తు రాయడం. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న సామర్థ్యాలే. ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడటానికి 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వెతికేదీ వీటినే. చందంపేట, డిండి తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలకైతే ఒక బిళ్ల అదనంగా ఉండాలి: యాడి, అంటే అమ్మ, చెప్పిన కథను తెలుగులో తరగతికి చెప్పినందుకు. రెండు భాషల మధ్య నడవడం వాళ్లకు మాత్రమే వచ్చిన విద్య. ఇప్పటిదాకా దాన్ని లోటుగానే లెక్కగట్టారు.

తయారీకి ఖర్చేమీ లేదు. పాత పెండ్లి పత్రిక అట్ట మీద గాజు పెట్టి గుండ్రంగా గీసి కత్తిరిస్తే బిళ్ల. బొమ్మ పిల్లలే వేస్తారు. ఎవరు పరీక్షిస్తారన్నది అసలు ప్రశ్న. ఒక్క టీచరే ఐదు తరగతులు చూసే బడిలో నలభై మందిని విడివిడిగా పరీక్షించడం అయ్యే పని కాదు. అప్పటికే ఆ బిళ్ల ఉన్న పిల్లలు రానివాళ్లకు నేర్పి, తయారయ్యాడని తీసుకొస్తే, టీచరు చివరి రెండు నిమిషాలు చూడవచ్చు. వీధి బడిలో ఉన్న పద్ధతే ఇది, పోటీ తీసేస్తే సరి. రాకపోతే “ఇంకా కాలేదు, మళ్లీ రా” అనాలి తప్ప కొట్టివేత గుర్తు పడకూడదు. ఎవరికెన్ని బిళ్లలున్నాయో గోడ మీద పట్టిక కట్టకూడదు. కట్టిన రోజున అది లాంకాస్టర్ బడి అవుతుంది. ఎవరి లెక్క వాళ్ల నోటు పుస్తకం అట్ట లోపల అంటించిన కాగితంలో ఉంటే చాలు.

ఇచ్చేటప్పుడు టీచరు అనే మాట బిళ్ల కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. క్లాడియా మ్యూలర్, కారల్ డ్వెక్ 1998లో అచ్చు వేసిన ప్రయోగాల్లో, నువ్వు తెలివైనవాడివి అన్న మెచ్చుకోలు విన్న పిల్లలు తర్వాత కష్టమైన పజిల్ ఎదురైతే త్వరగా చతికిలపడ్డారు. బాగా కష్టపడ్డావు అన్న మాట విన్నవాళ్లు పట్టు వదల్లేదు. “హుషారు పిల్లవురా” అని అలవాటుగా అనేస్తాం. “మొన్న మూడుసార్లు తప్పింది కదా, ఇవాళ ఎట్లా కుదిరింది?” అని అడిగితే, తాను ఏం చేసిందో ఆ పిల్లకే ఒకసారి గుర్తొస్తుంది.

ప్రమాదాలు లేకపోలేదు. నిరంతర మూల్యాంకనం పేరుతో వచ్చిన ప్రాజెక్టు పనులు ఎంతో మంచి ఆలోచన. చాలాచోట్ల అవి గైడ్లలోంచి దించిన అట్టల పుస్తకాలుగా మిగిలాయి. బిళ్లలకూ నెలవారీ టార్గెట్లు, పైకి పంపే నివేదికలు పెడితే అదే గతి పడుతుంది, పెండ్లి పత్రికలు దండగ. హైస్కూలుకు వచ్చాక పిల్లలు ఇవి చొక్కాకు పెట్టుకోవడానికి సిగ్గుపడతారు. ఎనిమిదో తరగతి వయసులో ఆ సిగ్గును గౌరవించాలి. అప్పుడు ఏం వచ్చిందో రాసి సంతకం పెట్టిన చిన్న కాగితం మేలు. ఐదో తరగతి పూర్తయి హైస్కూలుకు టీసీ తీసుకుని పోయేటప్పుడు అట్ట లోపలి కాగితాన్ని కూడా జతచేస్తే, కొత్త సారుకు మొదటి రోజే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ వైపు, ఇది మరీ అవసరం. దసరా దాటాక తల్లిదండ్రులు పుణెకో, ముంబయికో, బెంగళూరుకో పనికి పోతారు. కొందరు పిల్లలు ఊళ్లో ముసలివాళ్ల దగ్గర, సీజనల్ హాస్టళ్లలో ఉంటారు. కొందరు వెంట పోతారు. ఉగాది నాటికి తిరిగి వచ్చేసరికి తరగతి చాలా ముందుకు పోయి ఉంటుంది, హాజరు శాతం ఎప్పుడో చేయిజారి ఉంటుంది. అట్ట లోపలి కాగితం మాత్రం పోయినచోటే ఆగి ఉంటుంది. కూడిక గడి నిండింది, తీసివేత నిండింది, గుణకారం నిండింది, భాగహారం గడి ఖాళీ. సారు ఆ గడి మీద వేలు పెట్టి, పలక తెమ్మని, 846ను 6తో భాగించమంటాడు.